ఆది జాకెట్టు

మా చర్చి వీధి ఆడవాళ్ళ వయసులు నాకు తెలియవు. అడిగినా నిజం చెప్పే రకాలు కారు. కొలతలు మాత్రం అందరివీ తెలుసు. రేపల్లెలో మా ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని పద్దెనిమిదేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. అలాగని ఎవరి ఒంటిమీదా టేపు పెట్టి ఎరగను. ఎవరైనా గుడ్డ తెచ్చారంటే, దానితోపాటు తమకు సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి తెస్తారు. దాన్ని ఆది జాకెట్టు అంటాం. బల్ల మీద దాన్ని పరిచి, దాని ప్రకారం సుద్దతో గీసి కొత్తది కత్తిరిస్తాను. ఎవరూ నా ముందు చేతులెత్తి నిలబడనక్కర్లేదు, ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు. ఈ పద్ధతి ఎంత బాగుందో అని పద్దెనిమిదేళ్ళూ అనుకున్నాను. ఆ ఏడు లెంటు రోజుల్లో మాత్రం అలా అనుకోలేకపోయాను.

లెంటు అంటే మాకు ఈస్టరుకి ముందు వచ్చే నలభై శ్రమల దినాలు. అందరికీ ఉపవాసాలు, ఇంటింటా సాయంత్రం ప్రార్థనలు. నాకు మాత్రం తెల్ల జాకెట్లు. ఈస్టరు నాడు తెల్లవారకముందే స్త్రీల సమాజం వాళ్ళంతా తెల్లచీరలు కట్టుకుని సమాధుల తోటకి పాటలు పాడుకుంటూ వెళతారు. ఆ చీరల మీదికి నలభై యాభై జాకెట్లు నా చేతి మీదుగా పోవాలి. అందరికీ అవి ఈస్టరుకి వారం ముందు వచ్చే మట్టలాదివారం లోపలే కావాలి. అందరిలోకీ గడుసు గిరాకీ మా అత్తయ్య పున్నమ్మ. బాప్తిస్మంలో మరియమ్మ అని పేరు పెట్టారట గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆవిడే పలకదు.

ఆ లెంటుకి ముందటి క్రిస్మస్ జాకెట్టు వేసుకున్న మర్నాడే కుడిచంక దగ్గర పట్టేస్తోందని తెచ్చి నా ఒళ్ళో పడేసింది. పక్క కుట్టు విప్పి అరంగుళం వదిలాను. జనవరి చివర్లో మళ్ళీ తెచ్చింది, మళ్ళీ అక్కడే.

"కుడివైపు మాత్రమే లావవుతున్నారేంటి అత్తయ్యా?" అని నవ్వాను.

"నీళ్ళ బిందె మోసేది ఈ చేత్తోనేగా. నీకేం, కూర్చుని మిషను తొక్కుతావు" అంది.

మళ్ళీ విప్పాను. లోపల వదిలిన గుడ్డ ఇక అయిపోయింది, ఇదే ఆఖరు అని కూడా చెప్పాను. చెప్పి ఆ సంగతి మర్చిపోయాను.

సూదులు ఎడమ భుజం కింద పైటకి గుచ్చుకోవడం నాకు అలవాటు. లెంటు మొదలయ్యే భస్మ బుధవారం వెళ్ళిన శనివారం మధ్యాహ్నం, ఎవరిదో తెల్ల జాకెట్టుకి హుక్కులు కుడుతూ కిందపడ్డ కత్తెర కోసం వంగాను. సూది లోపలికి దిగింది. అబ్బా అనుకుంటూ లాగేసి, చురుక్కుమన్నచోట వేలితో నొక్కుకున్నాను. వేలి కింద ఏదో తగిలింది. గట్టిగా, గుండ్రంగా, రేగిపండంత ఉంది.

తర్వాత ఆ హుక్కులు కుట్టడం పూర్తిచేశాను. ఎందుకు చేశానో ఇప్పటికీ తెలియదు. ఆ సాయంత్రం స్నానాలగదిలో గడియపెట్టుకుని మళ్ళీ చూసుకున్నాను. ఉంది. మర్నాడు చర్చిలో పాటకి లేచినప్పుడు, అన్నం వార్చేటప్పుడు, పైట సర్దుకునే నెపంతో తడుముకుంటూనే ఉన్నాను. ఈసారి ఉండదేమోనని ప్రతిసారీ ఆశ, ప్రతిసారీ అది అక్కడే ఉంది. కొలకలూరులో మా పిన్నికి ఇలాగే మొదలైంది. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. తెలిసేసరికి ఎవరూ చేయగలిగింది లేకపోయింది.

భయం ఇలా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. పొద్దున లేవగానే ఒక్క నిమిషం ఏమీ గుర్తుండేది కాదు. ఆ వెంటనే గుర్తొచ్చి చెయ్యి అక్కడికి పోయేది. ఫోనులో వెతికాను. ఆ ఫోను ఒక పేజీలో నన్ను బతికించింది, రెండో పేజీలో చంపింది. మా ఆయన అంద్రెయ హైస్కూల్లో గుమస్తా. బీపీ చూపించుకోమంటేనే చెమటలు పట్టే మనిషి. ఆయనకు చెబితే నేను ఆయన్ని పట్టుకుని కూర్చోవాలి. మా అమ్మాయి లిడియా బాపట్లలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. దానికి ఇరవై ఇంకా నిండలేదు. ఇక అత్తయ్యకి చెబితే సాయంత్రం ప్రార్థనలో వీధి వీధంతా నా రొమ్ము కోసం మోకాళ్ళ మీద ఉంటుంది. అందుకని ఎవరికీ చెప్పలేదు. మా పిన్ని చేసిన పనే నేనూ చేస్తున్నానని తెలిసి కూడా చెప్పలేదు.

తొమ్మిదోరోజు పొద్దున అత్తయ్య నా పక్కన కూర్చుని తోటకూర ఒలుస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"గడ్డేనా?"

నా కాలు మిషను మీద ఆగిపోయింది. "ఏంటత్తయ్యా?"

"వారం నుంచీ చూస్తన్నా. నీ చెయ్యి అస్తమానం అక్కడే ఉంటంది. గడ్డేనా అంట?"

అవునన్నాను. ఆ మాట అనగానే ఏడుపొచ్చేసింది. అరుస్తుందనుకున్నాను, దేవుణ్ణి పిలుస్తుందనుకున్నాను. ఆవిడ రెండూ చేయలేదు. ఒలిచిన కాడలు పక్కన పెట్టి పైటకి చేతులు తుడుచుకుంది.

"నొప్పుందా?"

"లేదు."

"నొప్పి లేదా" అంది, తనలో తాను అన్నట్టు. "సరే. తెనాలి పోదాం. నేనూ వస్తా. వాడికి చెప్పమాక. లైనింగు గుడ్డలకి పోతన్నామని చెబుదాం."

"మీరెందుకత్తయ్యా ఎండలో?"

"ఒక్కదానివీ పోతావా ఇట్టాంటిదానికి? పోతే మళ్ళీ వచ్చేట్టు లేదు నీ మొహం చూస్తే" అని కసిరింది. ఆ కసురు నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

మర్నాడు పొద్దున్నే తెనాలి రైలెక్కాం. దారి పొడుగునా కళ్ళాల్లో మినుములు ఆరబోసి ఉన్నాయి. భట్టిప్రోలు వచ్చేదాకా అత్తయ్య బైబిలు సంచి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకునే ఉంది. వేమూరు దగ్గర కళ్ళు తెరిచి, "సూది గుచ్చుతారంటనా?" అంది. గుచ్చుతారేమోనన్నాను. "ఎంత సూది?" అంది. నాకు ఒళ్ళు మండింది. సూది గుచ్చేది నాకు, అడిగేది ఆవిడ.

డాక్టర్ శివపార్వతి గారిది చిన్న ఆసుపత్రి. ఆవిడకీ నా ఈడే ఉంటుంది. ఆవిడ నన్ను పడుకోబెట్టి, చెయ్యి తలకింద పెట్టించి, మూడువేళ్ళతో నెమ్మదిగా చుట్టూ తిప్పుతూ చూసింది. చంకలో కూడా చూసింది. ఆవిడ మొహంలో ఏమైనా కనబడుతుందేమోనని కన్నార్పకుండా చూశాను. ఏమీ కనబడలేదు. చదువుకున్నవాళ్ళ మొహాలతో ఇదే చిక్కు.

"వేళ్ళ కింద జారుతోంది. అంచులు సాఫీగానే ఉన్నాయి" అంది. "అయినా చేత్తో చూసి మాటివ్వనమ్మా. స్కానింగు చేద్దాం, మామోగ్రామ్ తీద్దాం, సూదితో ముక్క తీసి పరీక్షకి పంపుదాం. మూడూ ఒకే మాట చెప్పాక అప్పుడు చెబుతా."

అత్తయ్య కుర్చీలోంచి ముందుకు జరిగింది. "నొప్పి లేకపోతే మంచిదే కదమ్మా డాక్టరుగారూ?"

"అలా ఏం లేదండి. చాలా గడ్డలకి మొదట్లో నొప్పే ఉండదు. నొప్పి లేదని ఊరుకునే వాళ్ళే ఆలస్యంగా వస్తారు."

"మరి పైన తోలు లోపలికి లాక్కున్నట్టుంటే?"

నేను చప్పున లేచి కూర్చున్నాను. నాకు అలాంటిదేమీ లేదు. లేనిది కూడా ఈవిడ నెత్తిమీదికి తెస్తోందని కోపం వచ్చింది. డాక్టరు మాత్రం అత్తయ్యని ఒక క్షణం అలాగే చూసింది.

"అలా ఉంటే ఒక్కరోజు కూడా ఆగకూడదండి. ఎందుకడిగారు?"

"ఊరికేనే. టీవీలో చెప్పారు."

"అరవై దాటుంటాయిగా మీకు. ఎలాగూ వచ్చారు, మీరూ పడుకోండి, చూస్తాను."

"నాకేముందమ్మా చూట్టానికి, అన్నీ ఎండిపోయాయి" అని అత్తయ్య నవ్వేసింది. నర్సు కూడా నవ్వింది. డాక్టరు నవ్వలేదు, మళ్ళీ అడిగింది. "ముందు దీని సంగతి చూడమ్మా, చిన్నది" అని అత్తయ్య సంచి సర్దుకుంది.

ఆ రోజు నాకు జరిగినవి వరుసగా గుర్తులేవు. మామోగ్రామ్ పలకల చలి గుర్తుంది. ఊపిరి బిగబట్టమన్నారు, బిగబట్టాను, ఇక వదలమని చెప్పడం మర్చిపోయారేమో అనిపించింది. మత్తుసూది చురుకు గుర్తుంది. ఆ తర్వాత పెద్దసూది టక్కుమని చేసిన చప్పుడుకి మంచం మీద ఎగిరిపడ్డాను. ఆ చప్పుడు నాలుగుసార్లు విన్నాను. సన్నని దారపు ముక్కల్లాంటివి చిన్న సీసాలో వేసి, నా పేరు రాసి, గుంటూరు పంపుతామన్నారు. ఐదురోజులు పడుతుందన్నారు. ఐదురోజులంటే నేను పది జాకెట్లు కుట్టే కాలం. ఆ ఐదురోజుల్లో రెండు కుట్టాను, రెండింటికీ కాజాలు పట్టీకి అటువైపు, తప్పుగా వేశాను.

ఇంటికి వచ్చిన రోజు సాయంత్రం ఆయన ఇంకా స్కూలునుంచి రాలేదు. అత్తయ్య ముందుగది తలుపు దగ్గరికి వేసి వచ్చి నా ఎదురుగా పీట వేసుకుంది.

"ఒక్కసారి నన్ను చూడనివ్వవే."

"ఏంటి చూసేది? కట్టు కట్టారుగా."

"కట్టు పక్కన. వేలితో. ప్రార్థన చేస్తా."

కాదనడానికి నాలో సత్తువ లేదు. ఆవిడ వేళ్ళు తడిగా, చల్లగా ఉన్నాయి. కళ్ళు మూసుకుని కట్టు అంచున నెమ్మదిగా నొక్కి చూసింది. గుండ్రంగా చుట్టి చూసింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ప్రార్థన చేస్తున్నట్టు పెదవులు కదలలేదు. చాలాసేపటికి, "జారతందే" అంది.

"డాక్టరు కూడా అదే అందిగా."

"జారకపోతే?"

"నాకేం తెలుసత్తయ్యా!" అని గట్టిగా అరిచాను. ఆవిడ చెయ్యి తీసేసింది. పీట తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పాపం, పెద్దావిడ నా కోసం భయపడుతుంటే అరిచానే అని ఆ తర్వాత బాధపడ్డాను.

మూడోరోజుకి ఇంట్లో కూర్చోలేకపోయాను. లిడియాకి ఒక జాకెట్టు కుట్టి ఉంది, అది ఇచ్చొస్తానని చెరుకుపల్లి మీదుగా బాపట్ల బస్సెక్కాను. హాస్టలు ముందు బెంచీ మీద అది నా పక్కనే కూర్చుని, జాకెట్టు చేతులు పొడుగయ్యాయని గొడవపెట్టింది. తల దువ్వుకోలేదు. గోళ్ళకి సగం రంగు ఉంది, సగం లేదు. ఈ పిల్లకి జడ వేసుకోవడం కూడా సరిగా రాదు, నేను లేకపోతే ఎలాగా అనుకున్నాను.

"ఏంటమ్మా అలా చూస్తున్నావు?"

"చిక్కిపోయావు."

"నువ్వే చిక్కిపోయావు. ఉపవాసాలు అన్నీ ఉంటున్నావా ఏంటి? నాయనమ్మ మాట వినమాక."

చెబుదామనే వెళ్ళాను. నోటిదాకా వచ్చింది కూడా. పరీక్షలు దగ్గరపడ్డాయని, మూడో పేపరు కష్టమని అది చెబుతూ పోతుంటే, చేతులు అరంగుళం తగ్గించి పంపిస్తానని మాట ఇచ్చి లేచాను. బస్సులో ఊరు చేరేదాకా కిటికీ వైపు తిరిగే కూర్చున్నాను.

అయిదోరోజున రిపోర్టుకి ఆయన్ని తీసుకెళ్ళాను. ముందురోజు సాయంత్రం చెప్పేశాను, ఇక ఒక్కదాన్నీ మోయలేక. ఆయన లేచి వెళ్ళి స్కూలు హెడ్మాస్టరుకి ఫోన్ చేసి సెలవడిగాడు. ఆసుపత్రి వరండాలో ఆయన మోకాలు ఆగకుండా ఊగుతూనే ఉంది. లోపలికి పిలిచారు. డాక్టరు కవరు అప్పటికే తెరిచేసింది. మేము కూర్చోకముందే చెప్పింది.

"క్యాన్సర్ కాదమ్మా. మూడూ ఒకే మాట చెప్పాయి. మామూలు గడ్డ. ఆరునెలలకి ఒకసారి వచ్చి చూపించుకుని పో."

ఆయన రెండుచేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను మాత్రం పిచ్చిదానిలా, "నిజంగానా అండి? ఆ సీసా నాదేనా?" అని అడిగాను. నాదేనని కాగితం మీద పేరు చూపించింది. బయటికొచ్చాక ఆయన ఎప్పుడూ లేనిది నా చెయ్యి పట్టుకుని నడిచాడు. వేడివేడిగా బెల్లం జిలేబీ కట్టించాడు. రైల్లో ఇద్దరమూ సగం పొట్లం తినేశాం. లెంటు ఉపవాసం అన్న మాట ఇద్దరికీ గుర్తురాలేదు.

గుమ్మంలోనే అత్తయ్య నిలబడి ఉంది. కాగితంలో ఉన్నది చెప్పాను. ఆవిడ గడప మీద అలాగే కూలబడి, "మామూలుదేనందా? అట్టాగే అందా? గట్టిగా ఉన్నా మామూలుదేనంటనా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. అవునని చెప్పాను. అప్పుడు ఏడ్చింది. ఇన్నేళ్ళలో మామయ్య పోయినప్పుడు తప్ప ఆవిడ ఏడవడం నేను చూడలేదు. నా మీద ఇంత ప్రేమ ఉందా ఈవిడకి అనుకుని నేనూ ఏడ్చాను.

ఆ మర్నాటి సాయంత్రం ప్రార్థన మా ఇంట్లోనే. నాకేమైందో ఎవరికీ చెప్పనని అత్తయ్య నాకు మాటిచ్చింది. ఆ మాట మాత్రం నిలబెట్టుకుంది. లేచి నిలబడి, "ప్రభువు మా ఇంటికి రెండు మేళ్ళు చేశాడు, ఆయనకి స్తోత్రం" అని కూర్చుంది. అందరూ వెళ్ళాక, రెండోది ఏంటని అడిగితే నవ్వి, జిలేబీ పొట్లం విప్పింది. వారం రోజులు ఆవిడ కాలు నేల మీద నిలవలేదు. పరదాలు ఉతికింది. పాటలు పాడింది. నా కాజాలు పట్టీకి ఇటువైపే పడుతున్నాయా అని వేళాకోళం కూడా చేసింది.

మట్టలాదివారం ఇంకా నాలుగు రోజులుంది. అందరి జాకెట్లూ అయిపోయి, ఇంటావిడది కదా అని అత్తయ్యది ఆఖరికి పెట్టుకున్నాను. తెల్లగుడ్డ బల్ల మీద పరిచి, దండెం మీదున్న ఆవిడ క్రిస్మస్ జాకెట్టు ఆది కోసం తెచ్చాను. తిరగేసి, మధ్యకి మడిచాను. మామూలుగా సగం పరిచి గీస్తే చాలు. రెండో సగం దాని కింద అంతే ఉంటుంది. ఆ రోజు కింది సగం పైసగానికంటే బయటికి వచ్చింది. సరిగా మడవలేదనుకుని చంక కుట్లు రెండూ కలిపిపట్టి మళ్ళీ మడిచాను. మళ్ళీ వచ్చింది. అంగుళం.

అది నేను వదిలిన అంగుళమే. డిసెంబర్లో ఒక అరంగుళం, జనవరిలో ఒక అరంగుళం. నా చేత్తో విప్పి, నా చేత్తో కుట్టి ఇచ్చాను.

సుద్ద చేతిలోనే ఉంది. రైల్లో అడిగిన సూది సంగతి, డాక్టరు దగ్గర అడిగిన తోలు సంగతి, నా కట్టు పక్కన మూడుసార్లు తిరిగిన ఆ వేళ్ళు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నా కోసం పట్టుకున్న భయం కంటే ఇది వేరు. గోడకి తగిలించిన టేపు తీశాను.

"అత్తయ్యా, ఒకసారి ఇటు రండి."

వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏంటే?"

"చేతులెత్తండి. కొలత తీసుకోవాలి."

"ఆది జాకెట్టు ఉందిగా."

"ఆది పనికిరాదు. ఒంటిమీద తియ్యాలి."

ఆవిడ బల్ల మీద మడిచి ఉన్న జాకెట్టు చూసింది. నా చేతిలో టేపు చూసింది. ఆవిడకి కుట్టుపని రాదు. అయినా ఆ మడత దగ్గర బయటికొచ్చిన గుడ్డ చూసి తల తిప్పుకుంది. నేను తలుపు వేశాను. ఎడమచెయ్యి సులువుగానే ఎత్తింది. కుడిచెయ్యి సగం ఎత్తి ఆపింది. టేపు చుట్టూ తిప్పలేదు నేను. పైట తొలగించి చూశాను. డాక్టరుని అడిగిందే అక్కడ కనబడింది.

"ఎప్పట్నుంచి అత్తయ్యా?"

"కోతపండగప్పట్నుంచి."

కోతపండుగంటే నవంబరు.

"చెప్పలేదేం?"

"ఏం చెప్పను? ఈలోపల నీది బయటపడింది. నీది చూపిస్తే నాదీ తెలిసిపోద్దిగా అనుకున్నా. నీదీ గట్టిగానే ఉంది, నాదీ గట్టిగానే ఉంది. నీకూ నొప్పి లేదు, నాకూ లేదు. నీది మామూలుదని రాసిచ్చారుగా. మరి నాదీ అంతేగా?"

నా దగ్గరికి వచ్చే ప్రతి ఆడదీ పాత జాకెట్టు ఇచ్చి కొత్తది కుట్టించుకున్నట్టే, మా అత్తయ్య నా రిపోర్టుని ఆది పెట్టుకుంది. రెండో మేలు అదన్నమాట.

"నాది జారింది కదత్తయ్యా" అన్నాను. "మీదీ జారుతోందా?"

ఎత్తిన చేతులు నెమ్మదిగా దించింది. పైట కప్పుకుని, కొంగు రెండుసార్లు సర్దుకుంది.

"జారదు" అంది. "పెద్దదాన్ని కదా, నాటుకుపోయి ఉంటదిలే అనుకున్నా."

బయట ఎవరో జాకెట్టు కోసం వచ్చి తలుపు తట్టి, పలక్కపోయేసరికి వెళ్ళిపోయారు.

"రేపు పొద్దున రైలుకి పోదాం" అన్నాను.

"మట్టలాదివారం అయ్యాక..."

"రేపు."

"సూది చప్పుడుకి ఉలిక్కిపడ్డావుగా నువ్వు" అంది చిన్నపిల్లలా. ఆవిడ గొంతులో భయం నేను మొదటిసారి విన్నాను. అన్నాళ్ళూ అది ఉంది. నా భయం హోరులో నాకు వినబడలేదు.

రైల్లో ఆవిడ కళ్ళు మూసుకోలేదు. నేనే మూసుకున్నాను. డాక్టర్ శివపార్వతి గారు మమ్మల్ని చూడగానే అత్తయ్యకి మంచం చూపించింది. ఈసారి కుర్చీలో నేను, ఒళ్ళో సంచితో. నర్సు సీసా మీద పేరు రాస్తుంటే పున్నమ్మ అని చెప్పాను. రిపోర్టు ఈస్టరుకి ముందు బుధవారం వచ్చింది. ఈసారి డాక్టరు మమ్మల్ని కూర్చోనిచ్చి, మంచినీళ్ళు తెప్పించి, ఆ తర్వాత చెప్పింది. ఆలస్యమైంది గానీ, మరీ చెయ్యిదాటిపోలేదంది. జనవరిలో వచ్చి ఉంటే అని మాట మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేసింది. జనవరి చివర్లో ఆ జాకెట్టు రెండోసారి నా చేతిలో ఉంది. ఆ సంగతి ఎవరూ నాకు గుర్తుచేయక్కర్లేదు.

ఈస్టరు నాడు ఆవిడ తెల్లజాకెట్టు వేసుకునే సమాధుల తోటకి వచ్చింది. ఒంటిమీద కొలత తీసి కుట్టాను, ఎక్కడా పట్టలేదు. బాపట్లనుంచి వచ్చిన లిడియా నాయనమ్మ చెయ్యి వదలకుండా పట్టుకుని నడిచింది. ఆ మంగళవారం గుంటూరులో ఆపరేషను. ఆ తర్వాత మందులు, రేడియేషను, అదే కరెంటు వైద్యం. వానాకాలమంతా ఆ రైలే మా ఇల్లయింది. జుట్టు ఊడిపోయినప్పుడు ఆవిడ అద్దం గోడవైపు తిప్పేసింది. మళ్ళీ ఎప్పుడో తనే ఇటు తిప్పుకుంది. నా ఆరునెలల పరీక్షకి నాతోపాటు వచ్చి, బాగానే ఉందని డాక్టరు చెప్పేదాకా నా చేతిసంచి పట్టుకుని నిలబడే ఉంది. ముందు ముందు ఏమవుతుందో ఎవరూ మాకు మాటివ్వలేదు. భయం పోలేదు. ఇప్పుడు ఇద్దరం కలిసి పడుతున్నాం, అంతే తేడా.

డిసెంబరు మొదటివారంలో ఎదురువీధి లలిత టీచరుగారు క్రిస్మస్ సెలవుల్లో పెళ్ళి ఉందని పట్టుగుడ్డ తెచ్చారు. గుడ్డ మీద ఆది జాకెట్టు పెట్టి, "అంతా సరిపోతుంది రూతూ. ఎడమవైపు ఒక్కటే కాస్త పడుతోంది, అక్కడ కొంచెం వదులు చెయ్యి చాలు" అన్నారు.

నా చేతిలో కత్తెర అలాగే ఆగిపోయింది. నేను దాన్ని బల్ల మీద పెట్టేలోపల, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని కాజాలు చూస్తున్న అత్తయ్య లేచింది. వీధితలుపు మూసి, పరదా లాగింది. గోడమీద టేపు తీసి నా చేతికిచ్చి, టీచరుగారి ఎదురుగా నిలబడింది.

"చేతులెత్తమ్మా" అంది. ఎలా ఎత్తాలో తనే రెండుచేతులూ ఎత్తి చూపించింది. ఎడమచెయ్యి పైదాకా వెళ్ళింది. కుడిచెయ్యి భుజం దగ్గరే ఆగిపోయింది.